సుగ్గికి తోడుపోయిన పాఠాలు

దీపావళి వెళ్లి పది రోజులు కాకముందే ఈశ్వరి పాఠం చెప్పే మూడో తరగతి సగానికి సగం ఖాళీ అయింది. ఆ గదిలో బెంచీలు లేవు. గోడ వారగా వరసగా కూర్చునే పిల్లల మధ్య సందులు పడ్డాయి. ఉన్నవాళ్లు జరిగి దగ్గరగా కూర్చోలేదు. పోయినవాళ్ల చోటు పోయినవాళ్లదే అన్నట్టు అట్లాగే వదిలేశారు.

బడి నందవరం మండలంలోని కొత్తదిన్నెలో. ఈశ్వరి ఎమ్మిగనూరులో అద్దెకుంటూ రోజూ బస్సులో వచ్చిపోయేది. ఆ పక్కల వలసను వలస అనరు, సుగ్గి అంటారు. పత్తి ఏరడం అయిపోయాక ఊళ్లో పని ఉండదు. అప్పుడు ఇంటికి తాళమేసి, బియ్యం మూట, గిన్నెలు, పిల్లలు, అన్నీ ఒకే లారీలో ఎక్కించుకుని గుంటూరు మిరప చేలకు పోతారు. మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాది దాటాకే.

మాదన్న కుటుంబం కూడా ఆ లారీలోనే వెళ్లింది. మాదన్న కూతురు మల్లేశ్వరికి ఎనిమిదేళ్లు. తరగతిలో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. వెళ్లే ముందురోజు ఈశ్వరి వాళ్లింటికి పోయి, పాపను హాస్టల్లో వదిలి పొమ్మని అడిగింది.

"వద్దు టీచరమ్మా," అన్నాడు మాదన్న. "వాళ్లమ్మ పక్కన ల్యాకుంటే కూడు తినదు. ఆడ ఎట్లనో సూసుకుంటాం."

మల్లేశ్వరి తల్లి సుంకులమ్మ మూటలు కడుతూ తల ఎత్తలేదు. ఈశ్వరి ఇంకో మాట రెట్టించలేదు. తానూ చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని సుగ్గికి పోయిన మనిషే. రెండేళ్లు బడి పోయింది. మూడో ఏడు పెద్దమ్మ అడ్డం పడి, "ఈ పిల్ల నాకాడ ఉంటాది, మీరు పోండి," అని ఆపేసింది. ఆ పెద్దమ్మే ఆపకపోయి ఉంటే తాను టీచరయ్యేదా అని ఈశ్వరి చాలాసార్లు అనుకుంది. కానీ అందరికీ పెద్దమ్మ ఉండదు గదా.

అందుకని కిందటేడు నుంచి ఆమె ఒక పని మొదలుపెట్టింది. పది నిమిషాల పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో తల్లిదండ్రులకు పంపేది. అది సగమే సాగింది. ఫోను నిండిపోయిందని తండ్రులు వాటిని తీసేసేవాళ్లు. కొందరి నంబర్లు మారిపోయేవి. పిల్ల విన్నదో లేదో తెలిసేది కాదు. ఈ ఏడు ఆమె స్నేహితురాలు అరుణ ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. ఇద్దరూ ఆదోనిలో డిగ్రీ కలిసి చదివారు. అరుణ ఇప్పుడు అక్కడే పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. ఏ ఫోనులోనైనా ఒక చిరునామా తెరిస్తే పాఠాలన్నీ వరసగా కనపడతాయి. నొక్కితే ఈశ్వరి గొంతు వినిపిస్తుంది, పాఠం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. కింద ఎర్రటి గుండ్రం నొక్కి పిల్లలు చదివితే, వాళ్ల గొంతు ఈశ్వరికి చేరుతుంది.

ఇబ్బందల్లా ఒక్కటే. అదంతా ఈశ్వరి ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ల్యాప్‌టాప్ ఎమ్మిగనూరులో అద్దింట్లో బల్ల మీద ఉంది. కరెంటు పోయినా, నెట్టు ఆగినా గుంటూరులో బడి మూతపడినట్టే.

ఒక సెలవు నాడు మధ్యాహ్నం అద్దింట్లో అన్నం తింటుంటే మల్లేశ్వరి ఫోన్ చేసింది.

"టీచర్, పాఠం తెర్సుకోల్యా. ముగ్గురం కూసోనుండాం. నాయన ఫోను మళ్లా సాయంత్రం దాంకా ఇయ్యడు."

"ఈడ కరెంటు పోయిండాది పాపా. రేపు సూద్దాం."

"నిన్న గూడా రేపే అంటిరి గదా టీచర్."

ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు. జ్ఞాపకం చేసినట్టు అంది, అంతే. ఈశ్వరి సగం అన్నం వదిలేసి లేచింది. చెయ్యి కడుక్కుని అరుణకు ఫోన్ చేసింది.

"నీ ల్యాప్‌టాప్ మీద నడిచే పని కాదే అది," అంది అరుణ. "క్లౌడ్‌లో వర్చువల్ మెషిన్ ఒకటి పెట్టుకోవాల. ఎప్పుడూ ఆగదు. నేను ప్రోగ్రామైతే రాస్తాను గానీ, ఆ పని నా సేత్తో ఎప్పుడూ సెయ్యలే. డిగ్రీ అయినంక మాకు కంప్యూటర్లు నేర్పిన కృష్ణాబాయి మేడం దగ్గరికి పో." ఫోను పెట్టేసే ముందు మళ్లీ అంది, "ఒగ మాట. ఆమెకు కండ్లు పోయి నాలుగేండ్లయింది. అప్పట్నుంచి ఎవరితోనూ కలవడం ల్యా. నేను పోయినా రెండు మాటలు మాట్లాడి పంపించేస్తారు."

* * *

ఆదివారం పొద్దున ఈశ్వరి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆదోని బస్సెక్కింది. పత్తి మూటల లారీలు వరసకట్టిన రోడ్డు దాటి, ఆటోలో ఆ వీధికి చేరేసరికి తొమ్మిదిన్నరయింది. తలుపు తీసినాయన శ్రీపాదరావు, కృష్ణాబాయి భర్త. మంత్రాలయం దగ్గర హైస్కూల్లో సంస్కృతం పంతులుగా చేసి రిటైరైన మనిషి. వచ్చిన పని వినగానే ఆయన మొహంలో ఇబ్బంది కనపడింది.

"ఆమె ఆ జోలికే పోవడం లేదమ్మా. అయినా రా, కూర్చో."

కృష్ణాబాయి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. జడ బిగించి, బొట్టు నిండుగా పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు ఉంది. గ్లాకోమా వచ్చి చూపు కొద్దికొద్దిగా తగ్గి, ఆఖరికి వెలుతురు, చీకటి తేడా మాత్రం మిగిలింది. ఈశ్వరి చెప్పిందంతా నిదానంగా వింది.

"మంచి పనే," అంది. "కానీ స్క్రీను కనపడనిదాన్ని. నీకేమని చెప్పను? నాలుగేండ్లలో అంతా మారిపోయి ఉంటుంది. తప్పు చెప్తే నీ పని చెడుతుంది. ఇంకెవరినైనా చూసుకో తల్లీ."

ఈశ్వరి లేచింది. చెప్పులు వేసుకుంటూ, అడగాలని అనుకోకుండానే అడిగేసింది.

"మేడం, ఒగ మాట సెప్పండి. వర్చువల్ మెషిన్ అంటే నిజంగా మెషినేనా? యాడన్నా ఉంటాదా అది, ఉత్తుత్తిదా?"

కృష్ణాబాయి మొహం ఆ గొంతు వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్లు తరగతి గదిలో నిలబడిన మనిషిని ఆ ప్రశ్న కుదురుగా ఉండనివ్వలేదు.

"ఉత్తుత్తిది కాదు. పెద్ద మిద్దెలో వాటాలు ఉంటాయి చూడు. గోడలొకటే, పైకప్పొకటే. ఒక్కో వాటాలో ఒక్కో సంసారం. ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. పక్క వాటాలో ఏం వండుకుంటున్నారో మనకు తెలీదు. అట్లనే యాడో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయి. ఒక్కోదాన్ని వాటాలు చేసి ఇస్తారు. నీ వాటా నీకు పూర్తి కంప్యూటర్ లాగే పనిచేస్తుంది. ఆడ కరెంటు పోదు. పోయినా వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు."

"అయితే మా పాఠాలకు ఒగ వాటా బాడిగకు తీసుకోవల్ల, అంతే గదా."

"అంతే. చిన్నదైతే మొదటి ఏడాది ఊరికే ఇస్తారు." కృష్ణాబాయి లోపలికి మొహం తిప్పి, భర్తను ఇంటి కన్నడంలో పిలిచింది. "ఏన్రీ, ఇంకో కుర్చీ ఇక్కడ వేయండి. కాఫీ కూడా."

శ్రీపాదరావు కుర్చీ తెచ్చి వేసి, భార్య వైపు ఒకసారి, ఈశ్వరి వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి పోయాడు.

* * *

"నీ కండ్లు, నా బుర్ర," అంది కృష్ణాబాయి. "స్క్రీను మీద ఏం కనపడితే అది చదువు. అర్థమైనా కాకున్నా చదువు. దాటేసి పోవద్దు."

ఈశ్వరి ఇంగ్లీషు బడి ఇంగ్లీషే. మొదట్లో సిగ్గుపడింది. నోరు తిరగని మాటను ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పేది. కృష్ణాబాయి అవన్నీ కలుపుకుని, ఆ మాటకు అర్థం ఇదీ అని చెప్పేది. ఖాతా తెరవడానికే ముప్పావుగంట పట్టింది. తర్వాత కొత్త మెషిన్ పెట్టే పేజీ వచ్చింది.

"పేరడుగుతాంది మేడం."

"ఏదన్నా పెట్టు. నీకు గుర్తుండేది."

ఈశ్వరి 'సుగ్గి' అని పెట్టింది. అది విని కృష్ణాబాయి చిన్నగా నవ్వింది.

"యాడ పెట్టాలని అడుగుతుంది ఇప్పుడు. ఊర్ల పేర్లుంటాయి."

"శానా ఉండాయి. ముంబై, హైదరాబాదు, సింగపూరు..."

"పిల్లలు యాడుండారు?"

"గుంటూరు కాడ."

"హైదరాబాదు నొక్కు. దగ్గరుంటే పాఠం బిరీన చేరుతుంది. తర్వాత లోపల నడిపే ఆపరేటింగ్ సిస్టం ఏదని అడుగుతుంది. ఉబుంటు ఉందా? అదే. సైజు అన్నిట్లోకీ చిన్నది. నీకు మిల్లు అక్కర్లేదు, చిన్న గది చాలు."

ఒకచోట ఆగిపోయారు. కృష్ణాబాయి చెప్పిన బొత్తాం అక్కడ లేదు. ఈశ్వరి పైకీ కిందికీ రెండుసార్లు వెతికింది.

"ల్యా మేడం."

కృష్ణాబాయి చేతులు కుర్చీ అంచులను పట్టుకున్నాయి. "నేను చెప్పలేదా, మార్చేసి ఉంటారని," అంది మెల్లగా. ఈశ్వరికి భయమేసింది. ఇప్పుడు ఇంక వద్దంటే ఆమె మళ్లీ ఆ కుర్చీలోనే ఉండిపోతుందని అనిపించింది.

"మేడం, ఎడం పక్క ఒగ వరసుండాది. ఒగొగటి సదువుతా, ఇనండి," అని మొదలుపెట్టింది. తొమ్మిదో మాట దగ్గర కృష్ణాబాయి చెయ్యెత్తింది.

"ఆగు. అదే. పేరు మార్చినారు, పని అదే."

ఇక అక్కడి నుంచి ఆమె గొంతు మారింది. తాళంచెవి సంగతి చెప్పేటప్పుడు ఒక్కో మాటా ఒత్తి పలికింది. మెషిన్‌లోకి పోవడానికి తాళంచెవి లాంటి ఫైలు ఒకటి ఇస్తారు. ఒక్కసారే ఇస్తారు. అది పోతే వాళ్లు మళ్లీ ఇవ్వరు. తర్వాత వాకిళ్ల సంగతి. మెషిన్‌కు నంబర్లున్న వాకిళ్లుంటాయి, మొదట అన్నీ మూసే ఉంటాయి.

"ఇరవైరెండోది నువ్వు పోయి పని చేసుకునేదానికి. ఎనభై, నాలుగువందల నలభైమూడు పిల్లలు వచ్చేదానికి. ఈ మూడే తెరువు. మిగిలినవి మూసే ఉండనీ. ఊరోళ్లందరికీ మన ఇంట్లో పనేముంది?"

ఆఖరి బొత్తాం నొక్కాక నిమిషం గడిచింది. చక్రం తిరిగి తిరిగి పచ్చటి చుక్క వచ్చింది. ఈశ్వరి తెరమీదున్న అంకెల చిరునామా చదివింది. కృష్ణాబాయి లోపలికి పోయే కమాండును అక్షరం అక్షరంగా చెప్పింది. "ఎస్, ఎస్, హెచ్. ఖాళీ వదులు. గీత, దానికి ఆనుకుని ఐ." ఈశ్వరి టైపు చేసి ఎంటర్ కొట్టింది. నల్లటి తెర మీద నాలుగైదు వరసలు గబగబా పడి, ఆఖర్లో 'సుగ్గి' అన్న పేరు, దాని పక్కన కొట్టుకునే ఒక చిన్న గీత నిలిచాయి.

"వచ్చినట్టుంది మేడం," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "లోపలికి పోయినాను."

"మిద్దెలోకి పోయినావు. వచ్చే ఆదివారం రా. సామాన్లు దించుకుందాం."

* * *

ఆ వారం మధ్యలో ఈశ్వరి పెద్ద తప్పు చేసింది. కొత్త పాఠాలు రికార్డు చేద్దామంటే ల్యాప్‌టాప్‌లో చోటు లేదు. డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు దొంతరగా కనపడ్డాయి. పనికిరానివే గదా అని అన్నిటినీ ఒక్క దెబ్బకు తుడిచేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. గంట తర్వాత గుర్తొచ్చింది, తాళంచెవి అందులోనే ఉందని.

వెతికింది. కంప్యూటర్ షాపువాడిని అడిగింది. దొరకలేదు. తెర మీద మెషిన్ పచ్చటి చుక్కతో కనపడుతూనే ఉంది. లోపలికి పోవడానికి మాత్రం దారి లేదు. ఒక్కసారే ఇస్తారని అంత ఒత్తి చెప్పిన మనిషికి ఏ మొహంతో చెప్పాలి? కళ్లు లేని ఆమె మూడు గంటలు కూర్చుని చేయించిన పని అది. ఆదివారం ఆదోని బస్సెక్కేటప్పుడు, ఒంట్లో బాగలేదని ఫోన్ చేద్దామా అని కూడా అనుకుంది. చెయ్యలేదు. వరండాలోకి పోతూనే, కూర్చోకుండానే చెప్పేసింది.

"మేడం, తాళంచెవి పోగొట్టినా. నా సేత్తో నేనే తుడ్సేసినా."

కృష్ణాబాయి పకపకా నవ్వింది. లోపల్నుంచి శ్రీపాదరావు తొంగిచూశాడు. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాన్నాళ్లయినట్టుంది ఆయన మొహం.

"ఈ పాఠం చెప్పిన మొదటి బ్యాచీలో నేనూ పోగొట్టినాను. నలభై మంది ఆడపిల్లల ముందర," అంది కృష్ణాబాయి. "ఏడుస్తున్నావా ఏంది?"

"లేదు మేడం."

"దారులు లేకపోలేదు. కానీ అందులో ఇంకా మనం గరిటె కూడా పెట్టలేదు. దాన్ని తీసెయ్. ఇంకోటి పెట్టు. ఇనుముతో చేసిందా అది, ఏడ్చేదానికి? ఈసారి నేను నోరు తెరవను. నువ్వే చెయ్యి. చేస్తూ ఏం చేస్తున్నావో పైకి చెప్తూండు."

ఈశ్వరి కూర్చుంది. పాత మెషిన్‌ను తీసేసింది. కొత్తది మొదలుపెట్టింది. పేరు పెడుతున్నా మేడం. హైదరాబాదు. ఉబుంటు. అన్నిట్లోకీ చిన్నది. తాళంచెవి దిగింది, ఇదిగో వేరే ఫోల్డర్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెడుతున్నా. వాకిళ్లు మూడే. మాట్లాడుతున్న కొద్దీ చేతులకు ధైర్యమొచ్చింది. కిందటి వారం మూడు గంటలు పట్టిన పని ఇప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తెర మీద ఆ చిన్న గీత మళ్లీ కొట్టుకుంటుంటే ఈశ్వరి కృష్ణాబాయి వైపు చూసింది. ఆమె పెదాలు బిగబట్టి, కళ్లు మూసుకుని, ఒక్కో మెట్టూ వేళ్ల మీద లెక్కపెడుతూ ఉంది. ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

"తప్పు యాడన్నా పోయిందా మేడం?"

"లేదు," అంది కృష్ణాబాయి. "ఇప్పుడు నీకు వచ్చింది. పోయిన వారం నాకు వచ్చిందే నీ చేత చేయించినాను."

ఆ మధ్యాహ్నం అరుణ కూడా వచ్చింది. తన పేరు మీదున్న వెబ్ చిరునామాలో ఒక ముక్క ఈ పనికి ఇచ్చింది. ప్రోగ్రాం ఎక్కించారు. పాఠాలు ఎక్కించారు. శ్రీపాదరావు చిత్రాన్నం కలిపి తలా ఒక ప్లేటు పెట్టాడు. మూడు గంటలకు ఈశ్వరి మాదన్నకు ఫోన్ చేసి కొత్త చిరునామా పంపింది. ఆదివారం కాబట్టి మధ్యాహ్నం నుంచి పని లేదు, అందరూ గుడిసెల దగ్గరే ఉన్నారు.

పావుగంట కాకముందే మొదటి జవాబు చేరింది. ఈశ్వరి నొక్కింది. ముందు గాలి చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. తర్వాత మల్లేశ్వరి గొంతు, ఊపిరి పీల్చకుండా. "మా ఊరి బస్సు పొద్దున్నే వస్తుంది. బస్సు నిండా పూలబుట్టలు ఉంటాయి. టీచర్, నేను మల్లేశ్వరి. సదివేసినా. రేపుటిది గూడా ఇప్పుడే సదువొచ్చునా?"

వరండాలో అందరూ నవ్వారు. కృష్ణాబాయి నవ్వలేదు. "మళ్లీ పెట్టు," అంది. రెండోసారి విన్నాక ఈశ్వరి చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"నాలుగేండ్లయిందమ్మా నాకు ఎవరన్నా ఏదన్నా చూపించి. పలకరించేదానికి వస్తారు, ఎట్లున్నారంటారు, పోతారు. పని తెచ్చినదానివి నువ్వే."

ఈశ్వరి ఆ చేతిని అట్లాగే పట్టుకుని, మల్లేశ్వరి గొంతును మూడోసారి పెట్టింది.

* * *

చలికాలమంతా మెషిన్ ఒక్కరోజు కూడా ఆగలేదు. పెద్దవాళ్ల కూలి పనుల మధ్య ఫోను దొరికినప్పుడు పిల్లలు వినేవాళ్లు. ఈశ్వరి ఆదివారాలు ఆదోని పోవడం మానలేదు. కృష్ణాబాయి లెక్కల పాఠాలు తానే చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కం చెప్పేటప్పుడు మిరపకాయల గంపలతో చెప్పేది. ఆస్పరి నుంచి ఇద్దరు టీచర్లు తమ పిల్లలకూ ఇట్లాంటిది కావాలని వచ్చారు. వాళ్లను ఈశ్వరే కూర్చోబెట్టి చేయించింది. కృష్ణాబాయి పక్కన కూర్చుని వింటూ, వాళ్లు తడబడినచోట మాత్రం మాట అందించేది.

ఫిబ్రవరిలో ఒకరోజు మల్లేశ్వరి పేరు మీద వచ్చిన జవాబు నొక్కితే వేరే గొంతు వినిపించింది. పెద్ద ఆడమనిషి గొంతు. ఒక అక్షరం, ఆగడం, ఇంకో అక్షరం. "బ... స్సు... బస్సు. పొ... ద్దు... న్నే." ఈశ్వరి మొదట ఏదో పొరపాటు అనుకుంది. చివర్లో గొంతు తగ్గించి ఆ మనిషి అంది. "టీచరమ్మా, నేను సుంకులమ్మను. పాప పక్కన కూసోని ఇని ఇని వచ్చింది. తప్పైతే తుడ్సేయండి."

తుడిచేయడమా! ఈశ్వరి ఆ జవాబును ఐదుసార్లు వింది. మూటలు కడుతూ తలెత్తని ఆ మనిషి మొహం గుర్తుచేసుకోవాలని చూసింది. సరిగ్గా గుర్తురాలేదు. ఊళ్లో మూడేళ్లుగా చూస్తున్న మనిషిని ఒక్కసారి కూడా, నీకు చదువొచ్చా అని అడగలేదే అనిపించి సిగ్గేసింది. ఆదివారం ఆ గొంతును ఆదోనికి తీసుకుపోయింది.

విన్నాక కృష్ణాబాయి, "జవాబు చెప్పినావా?" అని అడిగింది.

"లేదు మేడం. ఏం సెప్పాల్నో తెలీల్యా."

"ఫోనిట్ల తే." ఈశ్వరి ఆమె వేలిని పట్టి రికార్డు బొత్తాం మీద పెట్టింది. "సుంకులమ్మా, నా పేరు కృష్ణాబాయి. ఆదోనిలో ఉంటాను. లెక్కల పాఠాల్లో వినే ముసలిగొంతు నాదే. నీ పాఠం విన్నాను. ఏదీ తుడిచేయలేదు. ఊరికి వచ్చినప్పుడు మా ఇంటికి రా. నీతో పనుంది."

* * *

ఉగాది అయ్యాక లారీలు తిరిగొచ్చాయి. పరీక్ష పెడితే, సుగ్గికి పోయిన పిల్లల్లో ఒక్కరు కూడా వెనకబడలేదని అనడం అబద్ధమే అవుతుంది. ఇద్దరికి హెచ్చవేతలు రాలేదు, ఒకడు పాఠాలే వినలేదు. మిగిలినవాళ్లంతా ఊళ్లో ఉన్న పిల్లలతో సమానంగా చదివారు. మల్లేశ్వరి అందరికంటే ముందు చెయ్యెత్తుతూనే ఉంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం సుంకులమ్మను వెంటబెట్టుకుని ఈశ్వరి ఆదోని వెళ్లింది. సుంకులమ్మ బస్సులో అంతసేపూ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వరండాలో కుర్చీ చూపిస్తే కూర్చోనంది. చివరికి అంచు మీద కూర్చుంది.

"అమ్మా, నాతో పనంటిరి," అంది. "ఏమన్నా పనుంటే సేసిపెడ్తాను. మీరు నా బిడ్డకు సదువు సెప్పినారు. నేనేమి ఇచ్చేది మీకు?"

"పనే," అంది కృష్ణాబాయి. "నాకు పేపరు చదివిపెట్టే మనిషి లేదు. ఈయన చదువుతారు గానీ, ధరల వార్త చదివినా శ్లోకం చదివినట్టుంటుంది. నిద్రొస్తుంది."

శ్రీపాదరావు నవ్వుతూ పేపరు తెచ్చి సుంకులమ్మ ఒళ్లో పెట్టాడు. ఆమె భయంగా ఈశ్వరి వైపు చూసింది.

"అంత సన్నక్షరాలు నాకు రావమ్మా."

"పెద్దక్షరాలే చదువు. నాకు చాలు. తొందరేం లేదు."

సుంకులమ్మ పేపరు పట్టుకున్న చేతులకు మిరపకాయల మంటతో పగిలిన చర్మం ఇంకా మానలేదు. వేలు ఒక అక్షరం కింద పెట్టింది. పెదాలు ముందు చప్పుడు లేకుండా కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది.

"ఈ... ఏ... డు... ఈ ఏడు. వా... న... లు. వానలు. ముం... దే."

ఆగి, మొదటి నుంచి ఒక్క ఊపులో చదివింది. "ఈ ఏడు వానలు ముందే."

ఆమె చదివింది ఏమిటో ఆమెకే అప్పుడు అర్థమైంది. పేపరు మీది నుంచి తలెత్తి, "ముందేనంటమ్మా! మా పాప నాయనకు సెప్పల్ల!" అంది. వానలు ముందే వస్తే ఈసారి చేనికి ముందే విత్తనం పడుతుంది. ఆమె మొహం నిండా నవ్వు పరుచుకుంది.

కృష్ణాబాయి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "మంచి వార్త చదివినావు తల్లీ. నీ నోట వినాలని రాసుందేమో నాకు," అంది. ఈశ్వరి లేచి వంటింట్లోకి పోయి, శ్రీపాదరావు చేతిలోంచి కాఫీ గ్లాసుల పళ్లెం అందుకుంది. వరండాలో సుంకులమ్మ వేలు అప్పటికే రెండో వార్త పెద్దక్షరాల కిందికి చేరింది.